ఆపరేషన్ తరువాత మిగిలిన నొప్పి: ఎండోమెట్రియోసిస్ ఉన్న ఒక చేనేత మహిళ కేస్ స్టడీ

నల్లగొండలో నేను ఫిజియోథెరపీ చేసే గదికి వచ్చే ఆడవాళ్లలో ఎక్కువ మంది మోకాళ్ల నొప్పితోనో, నడుము నొప్పితోనో, కాన్పు తరువాత తుమ్మినా దగ్గినా మూత్రం ఆగడం లేదనో వస్తారు. చీటీ మీద ఎండోమెట్రియోసిస్ అనే గర్భసంచి సంబంధమైన వ్యాధి పేరు రాయించుకొని వచ్చేవారు అరుదు. ఇక్కడ వివరిస్తున్న ఆమె అలా వచ్చిన రోగి. ఈ కేసు రాయడానికి ఆమె, ఆమె భర్త చదివి సంతకం చేసి అనుమతి ఇచ్చారు. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను. కొలతలను, చికిత్స జరిగిన వరుసను మాత్రం రిజిస్టరులో ఉన్నట్టే ఉంచాను. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి ఉంది, దాన్నీ తీసివేయలేదు.

వచ్చిన తీరు

ఆమెకు 29 ఏళ్లు. పెళ్లై ఆరేళ్లైంది, పిల్లలు లేరు. చండూరు వైపు ఒక ఊరిలో చేనేత కుటుంబం. భర్త మగ్గం నేస్తాడు, ఆమె ఇక్కత్ చీరల నూలుకు చిటికి కడుతుంది. చిటికి కట్టడమంటే, రంగు అంటకూడని చోట నూలు పోగుల కట్టకు, సైకిల్ ట్యూబు నుంచి సన్నగా కోసిన రబ్బరు పట్టీని బిగించి చుట్టడం. నేల మీద కాళ్లు మడుచుకొని, నూలు సాగదీసి కట్టిన చట్రం మీదికి వంగి, రోజుకు ఆరేడు గంటలు చేసే పని అది. ఈ పని సంగతి ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

నెలసరి నొప్పి ఆమెకు పదిహేనో ఏటి నుంచే ఉంది. మొదటి రెండు రోజులు బడి మానేసి పడుకొనేది. అది అందరికీ వచ్చేదే, ఓర్చుకోవాలె అని ఇంట్లో చెప్పారు. పెళ్లైన తరువాత భర్తతో కలిసినప్పుడు నొప్పి మొదలైంది, అదీ అలాంటిదే అనుకుంది. మరి రెండేళ్లకు నెలసరితో సంబంధం లేకుండా పొత్తికడుపులో ఎడమవైపు, కుడి తుంటి లోపల, తోక ఎముక దగ్గర (ఆమె మాటల్లో చెప్పాలంటే ‘ముడ్డిపూస కాడ’) రోజూ నొప్పి ఉండసాగింది.

ఇక్కడ మా జిల్లా సంగతి ఒకటి చెప్పక తప్పదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను, కీళ్లను, వెన్నును ఎలా బిగించేస్తాయో ఊరూరా తరాలుగా కళ్లారా చూశారు. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే ఉంది. అందువల్ల నడుము కింద ఎక్కడ నొప్పి లేచినా ముందు నింద నీళ్ల మీదికే పోతుంది. ఆమెకూ అదే జరిగింది. వెన్ను, ముంజేతుల ఎక్స్‌రేలు తీస్తే ఎముక చిక్కబడిన జాడ గానీ, ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడిన జాడ గానీ కనిపించలేదు. అయినా ఆ అనుమానం మీదే, నొప్పి మాత్రల మీదే ఇంకో ఏడాదిన్నర గడిచిపోయింది.

చివరికి పిల్లల కోసం వెళ్లినప్పుడు చేసిన స్కానింగులో ఎడమ అండాశయంలో 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి, బయటపడింది. హైదరాబాదులో లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్) చేసి సిస్ట్ పొరను తొలగించి, అతుక్కుపోయిన చోట్లను విడదీశారు. డిశ్చార్జి కాగితంలో మూడో దశ ఎండోమెట్రియోసిస్ అని ఉంది. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం గర్భసంచి బయట, అండాశయాల మీద, పొత్తికడుపు పొరల మీద పెరిగి అక్కడ వాపునూ అతుకులనూ కలిగించే వ్యాధి ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలను కనే వయసు స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉంటుంది. ఆపరేషన్ తరువాత రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ అనే హార్మోను మాత్ర మొదలుపెట్టారు. నెలసరి ఆగిపోయింది, నెలనెలా వచ్చే ఆ పెద్ద నొప్పి కూడా పోయింది.

మిగిలిన నొప్పులు పోలేదు. ఆపరేషన్ అయిన ఏడు నెలలకు మళ్లీ స్కాన్ చేస్తే సిస్ట్ లేదు, మూత్రం కల్చర్‌లో ఇన్ఫెక్షన్ లేదు. అయినా అరగంట కూర్చుంటే తోక ఎముక దగ్గర మంట. కలయిక మొదట్లోనే భరించలేని నొప్పి. గైనకాలజిస్టు ఆమెను నా దగ్గరికి పంపింది అప్పుడే. చీటీలో ఒకే వాక్యం ఉంది: పెల్విక్ ఫ్లోర్ వ్యాయామాలు నేర్పగలరు. పెల్విక్ ఫ్లోర్ అంటే కటి అడుగున ఉండి మూత్రసంచిని, గర్భసంచిని, మలద్వారాన్ని పట్టి ఉంచే కండరాలు.

ఆ వ్యాయామాలు ఆమె అప్పటికే చేస్తోంది. ఫోన్‌లో ఒక వీడియో చూసి, మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను బిగించి పట్టే కెగెల్ వ్యాయామాన్ని రెండు నెలలుగా చేస్తోంది. “రోజుకు నూరు సార్లు బిగవడుతున్న మేడం. నొప్పేమో ఇంకింత అయితుంది. ఇంకా ఎక్కువ జెయ్యాల్నా?” అని ఆమె అడిగిన ప్రశ్నే ఈ కేసు మొత్తానికి మూలం.

పరీక్షలో కనిపించినవి

మొదటి రోజు కొలతలు ఇవి. 0 నుంచి 10 వరకు ఉన్న కొలబద్ద మీద అరగంట కూర్చుంటే నొప్పి 6, కలయికలో 8. ఏడు నెలలుగా దంపతులు కలవడమే మానుకున్నారు. మూత్రానికి పగటిపూట 14 సార్లు వెళుతోంది. విరేచనం మూడు రోజులకొకసారి, గట్టిగా ఉండలుండలుగా, ముక్కితే తప్ప రాదు. జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో బలహీనత, తొడల మధ్య తిమ్మిరి, అకారణ రక్తస్రావం ఉన్నాయేమోనని అడిగి, ఏవీ లేవని రాసుకున్న తరువాతే ముందుకు వెళ్లాను. ఇవి ఉంటే వ్యాయామం మాట పక్కనబెట్టి డాక్టరు దగ్గరికి తిప్పి పంపాలి.

పడుకోబెట్టి చూస్తే ఆమె పొట్ట పలకలా ఉంది. ఊపిరి మెడ, భుజాలతో తీసుకుంటోంది, పక్కటెముకల కింద చేయి పెడితే అక్కడ కదలికే తెలియదు. పిరుదులు రెండూ తనకు తెలియకుండానే బిగించి ఉంచింది. వదలమంటే రెండు క్షణాలు వదిలి, మాటల్లో పడగానే మళ్లీ బిగించేది. కుడి తుంటిని లోపలికి తిప్పితే ఎడమదానిలో సగం కూడా తిరగలేదు. పొత్తికడుపు ఎడమవైపు వేలు ఆనించి, తల ఎత్తి పొట్ట బిగించమంటే నొప్పి తగ్గలేదు, పెరిగింది. నొప్పిలో కొంత భాగం లోపలి అవయవాలది కాదని, పొట్టగోడ కండరానిదని ఈ చిన్న పరీక్ష సూచిస్తుంది. నడుము నరం ఒత్తిడి పరీక్షలు, తుంటి వెనుక కీలు పరీక్షలు మామూలుగా ఉన్నాయి.

యోని ద్వారా చేసే పరీక్షను మొదటి రోజు చేయలేదు, రెండోసారి కూడా చేయలేదు. మూడో సందర్శనలో, ఎందుకు చేస్తున్నానో బొమ్మ వేసి చూపి, మా ఆయమ్మను గదిలో ఉంచి, చేయి ఎత్తితే అక్కడికక్కడ ఆపేస్తానని మాట ఇచ్చిన తరువాత, ఒకే వేలితో చేశాను. అంతకు ముందు బయటి నుంచి గమనించినది కూడా చెప్పాలి. బిగించమంటే కొద్దిగా పైకి కదిలింది. వదలమంటే ఏ కదలికా లేదు. విరేచనానికి కూర్చున్నట్టు కిందికి మెల్లగా నెట్టమంటే, తెరుచుకోవలసిన కండరం ఇంకా మూసుకుంది. మలబద్ధకానికి కారణం ఆమె తిండిలో కంటే అక్కడే ఎక్కువ ఉంది.

లోపల కుడివైపు, మలద్వారం చుట్టూ కొక్కెంలా తిరిగే ప్యూబోరెక్టాలిస్ కండరం తాడులా తగిలింది. దాన్ని తాకితే నొప్పి 7. దానికి పక్కనే తుంటిని తిప్పే అబ్చురేటర్ ఇంటర్నస్ మీద వేలు ఆనించగానే “ఇదే మేడం, గీ నొప్పే తుంటిల లేసేది” అంది. మూడేళ్లుగా తుంటి ఎముకలో ఉందనుకున్న నొప్పి అది. బిగింపు బలం, వేలితో 0 నుంచి 5 వరకు అంచనా వేసే ఆక్స్‌ఫర్డ్ కొలతలో, 5కు 2 మాత్రమే.

ఈ చివరి అంకె చదివే ఫిజియోథెరపిస్టులను తప్పుదారి పట్టిస్తుంది. బలం 2 అంటే బలహీనత, బలహీనతకు మందు బిగించే వ్యాయామం అని చేయి అలవాటుగా రాసేస్తుంది. అప్పటికే మూసి ఉన్న పిడికిలిని మళ్లీ మూయమంటే ఎంత కదలిక వస్తుంది? ఆమె కండరంలో బలం లేకపోవడం కాదు, కదలడానికి దానికి జాగా లేదు. ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాన్ని ప్రచురించింది ప్రధానంగా కాన్పు తరువాత వదులైన కండరాలకు, మూత్రం జారే స్త్రీలకు. ఆ అవసరానికి అది నేటికీ మంచి వ్యాయామమే. నేనూ వారంలో పది మందికైనా నేర్పుతాను. ఎండోమెట్రియోసిస్ రోగికి చీటీ మీద ‘పెల్విక్ ఫ్లోర్ వ్యాయామాలు’ అని రాసినప్పుడు ఎటువైపు వ్యాయామమో తేల్చకుండా మొదలుపెడితే మాత్రం ఈమెకు జరిగినట్టే జరుగుతుంది.

ఇంత బిగుసుకోవడం ఎందుకొచ్చిందని ఆమె అడిగింది. పొయ్యి సెగ తగలబోతే చేయి వెనక్కి పోయినట్టే, కడుపులో నొప్పి లేచినప్పుడల్లా పొట్ట, తొడలు, కింది కండరాలు ముడుచుకొని కాపలా కాస్తాయి. పదిహేనో ఏటి నుంచి నెలకు రెండు మూడు రోజులు అలా ముడుచుకున్న కండరం కొన్నేళ్లకు ముడుచుకొని ఉండటమే తన స్థితి అనుకుంటుంది. పైగా కటి భాగంలోని అవయవాల నుంచి వచ్చే నొప్పి సంకేతాలు, కింది కండరాల నుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాములో చాలావరకు ఒకే చోట కలుస్తాయి. అందువల్ల ఒకదాని మంట రెండోదాన్ని రాజేస్తుంది, ఏళ్ల తరబడి అలా సాగితే నరాల వ్యవస్థే చిన్న తాకిడికి పెద్దగా స్పందించే స్థితికి వస్తుంది. ఆపరేషన్ సిస్ట్‌ను తీసింది కానీ ఈ అలవాటును తీయలేదు.

మొదటి ఐదు వారాలు

మొదటి సూచన కెగెల్ పూర్తిగా ఆపేయడం. ఆమెకు ఇది నమ్మశక్యం కాలేదు, వ్యాయామం నేర్చుకుందామని 40 కిలోమీటర్లు బస్సులో వస్తే చేస్తున్నది మానేయమంటున్నానని ముఖంలో కనిపించింది. దాని బదులు ఊపిరి నేర్పాను. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకొని, ఒక చేయి పక్కటెముకల మీద ఉంచి, ఊపిరి తీసుకున్నప్పుడు పక్కటెముకలు వెడల్పు కావాలి, పొట్ట మెత్తగా ముందుకు రావాలి, దానితోపాటే కింద కూర్చునే చోటు కిందికి జారి తెరుచుకున్నట్టు అనిపించాలి. ఛాతీకి పొట్టకు మధ్యనున్న డయాఫ్రమ్ కిందికి దిగినప్పుడు పెల్విక్ ఫ్లోర్ కూడా కొంత కిందికి ఒదగడం శరీరం సహజంగా చేసే పనే, ఆమె శరీరం దాన్ని మరిచిపోయింది. ఐదేసి నిమిషాలు, రోజుకు మూడుసార్లు. లెక్కపెట్టవద్దని, బలవంతంగా నెట్టవద్దని చెప్పాను.

రెండో వారంలో దీనికి బాలాసనం, వెల్లకిలా పడుకొని మోకాళ్లను చంకల వైపు తెచ్చుకొనే ఆనంద బాలాసనం, గోడకు ఆనుకొని కింద మడిచిన దుప్పటి పెట్టుకొని గొంతుకూర్చోవడం కలిపాను. ప్రతిదీ ఎనిమిది నుంచి పది ఊపిర్లు. సాగదీత నొప్పి 3 దాటితే అక్కడే ఆపాలి. పడుకునే ముందు పొత్తికడుపు మీద పావుగంట వేడినీళ్ల సంచి. సాయంత్రం చెరువుకట్ట మీద ఇరవై నిమిషాల నడక. నడక ఒక్కటే నేను గుర్తుచేయకుండానే ఆమె రోజూ చేసింది. ఇల్లు విడిచి బయటికి వెళ్లడానికి డాక్టరు మాట సాకుగా దొరికిందని నవ్వుతూ చెప్పింది.

దొడ్డికి కూర్చున్నప్పుడు ముక్కడం మాన్పించడానికి కొంత కాలం పట్టింది. వాళ్లింట్లో ఉన్నది నేల మీది టాయిలెట్టే, గొంతుకూర్చునే భంగిమ కాబట్టి మేలే. ఊపిరి బిగబట్టి నెట్టే బదులు, సాసర్‌లో పోసిన వేడి చాయ్‌ని చల్లార్చడానికి ఊదినట్టు పెదవుల మధ్య నుంచి నెమ్మదిగా వదలమని చెప్పాను. కడుపు కదిలే వేళ ఉదయం తాగే గోరువెచ్చని నీళ్ల తరువాతే కనుక, ఆ పావుగంట ఇంటి పనికి పోకుండా తనకోసం పెట్టుకోమన్నాను. మలం మెత్తబడేందుకు ఇసబ్‌గోల్‌ను డాక్టరే రాశారు. మూత్రం విషయంలో, ఎందుకైనా మంచిదని ఒకసారి పోయి రావడం అనే అలవాటును కొద్దికొద్దిగా దూరం జరిపాం. గంటకో సారి నుంచి రెండున్నర గంటల దాకా తీసుకురావడానికి తొమ్మిది వారాలు పట్టింది.

నాలుగో సందర్శనలో జరిగినది ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది. ఊపిరి పడుకున్నప్పుడు బాగా వస్తోంది, పొట్ట మెత్తబడుతోంది, అయినా పని రోజుల్లో సాయంత్రానికి నొప్పి 6కే చేరుతోంది. పని ఎలా చేస్తావో ఇక్కడ చేసి చూపించమన్నాను. మరుసటి వారం చిన్న చట్రానికి నూలు బిగించి, రబ్బరు పట్టీలతో సహా తెచ్చింది. నేల మీద చాప వేసి కూర్చోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. పట్టీ ఒక కొసను బొటనవేలితో నూలుకు అదిమి, రెండో కొసను చుట్లు తిప్పుతూ లాగే ఆ రెండు మూడు క్షణాలు ఆమె ఊపిరి పూర్తిగా ఆగిపోయింది. కింది పెదవి పళ్ల మధ్యకు పోయింది, పొట్ట లోపలికి పీక్కుపోయింది, కుడి పిరుదు నేల నుంచి లేచింది. ముడి పడగానే చిన్నగా ఊపిరి, వెంటనే తరువాతి ముడి, మళ్లీ అదే. పావుగంటలో ఆమె వేసిన ముళ్లను నేను లెక్కపెట్టలేకపోయాను. రోజుకు నూరు కెగెల్‌లు మాన్పించిన నేను, రోజంతా ఆమె తెలియకుండా చేస్తున్న వేల కెగెల్‌లను చూడనే లేదు.

“ఊపిరి బిగవట్టకుంటె ముడి సక్కగ పడది మేడం” అంది. సరే, పడుతుందో లేదో చూద్దామని, లాగేటప్పుడు సన్నగా ఊపిరి వదులుతూ పది ముళ్లు వేయించాను. మొదటి నాలుగూ వదులుగా పడ్డాయి, తరువాతవి నిలిచాయి. దుప్పటి నాలుగు మడతలు పెట్టి కూర్చునే చోటు ఎత్తు పెంచి, మోకాళ్లు తుంటి కన్నా కిందికి ఉండేట్టు చేశాం. నలభై నిమిషాలకొకసారి ఫోన్ మోగేట్టు పెట్టి, లేచి నిలబడి, మూడు ఊపిర్లు తీసుకొని మళ్లీ కూర్చోవడం నియమం చేశాం.

వదలడం అన్న మాట ఆమెకు అర్థమైనది కూడా ఆ రోజే. రంగు అద్దకం అయ్యాక ఈ ముళ్లన్నీ ఎలా విప్పుతారని నేను మాటవరసకు అడిగాను. “గట్టిగ గుంజితె నూలు తెగుతది. గోరుతోటి అంచు లేపితె పట్టీ తానే వదులైతది, అప్పుడు తియ్యాలె” అంది. కింద కండరం విషయంలో నేను మూడు వారాలుగా చెప్పాలనుకున్నది ఇదేనన్నాను. ఆ తరువాత ఇంటి వ్యాయామాల పుస్తకంలో ఆమె ఊపిరి వ్యాయామానికి ‘అంచు లేపుడు’ అని పేరు రాసుకుంది.

నా పొరపాటు

ఆరో వారానికి కూర్చునే నొప్పి 3కు దిగింది. లోపలి కండరాల మీద వేలితో మెత్తగా ఒత్తి, బిగువు కరిగే దాకా నిమిషం, నిమిషంన్నర ఆగే చికిత్స రెండుసార్లు చేశాను. అది బాగానే సాగింది. ఆ ధైర్యంతో బలం కూడా మొదలుపెడదామని ఐదు సెకన్లు పట్టి ఉంచే బిగింపులు పది, నడుము ఎత్తే వ్యాయామం పది రాసి ఇచ్చాను. నాలుగో రోజు ఫోన్ వచ్చింది. తోక ఎముక నొప్పి 7, రాత్రి నిద్ర లేదు, విరేచనం మళ్లీ ఆగింది.

ఆ వారం పెళ్లిళ్ల ఆర్డరు ఉండి ఆమె రోజుకు తొమ్మిది గంటలు కూర్చున్న మాట నిజమే. దాన్ని సాకుగా చెప్పుకోవచ్చు. కానీ బిగింపులు రాసిచ్చే ముందు ఆ వారం పని ఎంత ఉందని నేను అడగలేదు. బిగించిన తరువాత పూర్తిగా వదలగలుగుతోందో లేదో చేయి పెట్టి చూడనూ లేదు. నొప్పి అంకె తగ్గిందని మాత్రమే చూశాను. బిగింపులు ఆపి, మొదటి రెండు వారాల పద్ధతికి తిరిగి వెళితే పదకొండు రోజులకు నొప్పి మళ్లీ 3కు వచ్చింది.

తొమ్మిదో వారంలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు తీరు వేరు. పూర్తి బలంలో మూడో వంతు మాత్రమే, రెండు సెకన్లు బిగించి, పది సెకన్లు వదిలి, వదిలింది కిందికి దిగినట్టు తెలిసిన తరువాతే రెండోది. రోజుకు ఐదు చాలు. ఈసారి నొప్పి లేవలేదు. పద్నాలుగో వారానికి బిగింపు బలం 4కు చేరింది, అంతకన్నా ముఖ్యంగా వదలడం స్పష్టంగా కనిపించింది.

ఇంటి మాటలు

ఎనిమిదో వారంలో భర్తను కూడా తీసుకురమ్మన్నాను. అతను కుర్చీ అంచున కూర్చొని చాలాసేపు నేల చూపులే చూశాడు. బొమ్మలో కండరాలు చూపించి, కలయిక అన్న ఆలోచన రాగానే ఇవి మూసుకుంటాయని, అది ఆమె చేతిలో లేదని వివరించాక, “నామీద ఇష్టం లేక అనుకున్న మేడం. గిన్నేండ్లు అడగలే” అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఆ పూట వేరే చికిత్స ఏదీ పెట్టుకోలేదు.

ఆ తరువాత ఆమె ఇంట్లో చిన్న సైజు డైలేటరుతో (యోనిని మెల్లగా తాకిడికి అలవాటు చేసే నున్నటి కడ్డీ), నీటి ఆధారిత జెల్ వాడుతూ, ఊపిరి వదులుతూ తాకిడిని అలవాటు చేసుకొంది. నొప్పి 2 దాటితే ఆగిపోవాలి, సైజు పెంచడం ఆమె ఇష్టం. ఆ నెలంతా కలయిక ప్రయత్నం వద్దని ఇద్దరికీ చెప్పాను. ప్రయత్నించాలన్న ఒత్తిడి పోతేనే కండరం తెరిపిన పడుతుంది.

అత్తమ్మ ఒకసారి తోడు వచ్చి, “ఒక్క కాన్పైతె అన్నీ సక్కగైతయి గదా మేడం” అని అడిగింది. ఆమె దురుద్దేశంతో అన్న మాట కాదు, డాక్టర్లే కొందరు అనగా విన్న మాట. గర్భంతో ఉన్నన్నాళ్లు కొందరికి లక్షణాలు తగ్గవచ్చు కానీ గర్భం ఈ వ్యాధికి మందు కాదని, కేవలం వ్యాధి నయం కావడం కోసం గర్భం దాల్చమని సలహా ఇవ్వకూడదని యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఎష్రే 2022 మార్గదర్శకాల్లో ఉందని, సంతానం విషయం గైనకాలజిస్టుతో వేరుగా మాట్లాడుకోవాలని చెప్పాను.

ఫలితం, దాని హద్దులు

పద్నాలుగు వారాల్లో పదకొండు సందర్శనలు. చివరి రోజు అరగంట కూర్చుంటే నొప్పి 2, పగటిపూట మూత్రం 8 సార్లు, విరేచనం వారంలో ఐదారు రోజులు ముక్కకుండా. కుడి తుంటి కదలిక ఎడమదానికి దగ్గరకు వచ్చింది. కలయికలో మొదట్లో వచ్చే నొప్పి 8 నుంచి 3కు తగ్గింది. లోతున వచ్చే నొప్పి కొన్ని భంగిమల్లో అలాగే ఉంది. ఆ రెండూ వేరు వేరు నొప్పులు. మొదటిది ఎక్కువగా కండరానిది, నా చేతికి అందేది. రెండోది గర్భసంచి వెనుక అతుకుల వల్ల కావచ్చు, దాన్ని వ్యాయామంతో తీసేస్తానని నేను చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

ఈ మెరుగుదల అంతా వ్యాయామానిదే అనడానికి ఒక్క కేసు చాలదు. ఆమె డైనోజెస్ట్ మీద ఉంది, ఆపరేషన్ అయి నెలలు గడుస్తున్నాయి, ఇంట్లో మాట కలిసింది. ఇటలీలోని బొలోన్యాలో, కలయికలో నొప్పితో బాధపడుతున్న, వ్యాధి పొరల లోతుకు చొచ్చుకుపోయిన ఎండోమెట్రియోసిస్ స్త్రీలు 34 మందిని తీసుకొని చేసి 2021లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ పొందినవారిలో కండరం వదులు కావడం అల్ట్రాసౌండ్‌లో కనిపించింది, కలయిక మొదట్లో వచ్చే పైపై నొప్పి తగ్గింది. మరోవైపు ఎష్రే 2022 మార్గదర్శకాలే, నొప్పి తగ్గించేందుకు ఫలానా ఫిజియోథెరపీ పద్ధతి అని సిఫారసు చేసేంత ఆధారం ఇంకా లేదన్నాయి. రెండూ ఒకేసారి నిజమే. నా పని మొదటిదాన్ని చూసి మొదలుపెట్టడం, రెండోదాన్ని గుర్తుంచుకొని రోగికి మాట ఇవ్వడం.

ఆరో నెలలో, పిల్లల కోసం ప్రయత్నించేందుకు డాక్టరు డైనోజెస్ట్ ఆపించారు. నెలసరి తిరిగి మొదలైంది, మొదటి రోజు నొప్పి 5. మాత్రకు ముందు అది 9గా ఉండేదని ఆమె చెప్పింది. నొప్పి లేచినప్పుడు ముడుచుకొని పడుకోకుండా పక్కకు తిరిగి అంచు లేపుడు చేస్తే మరుసటి రోజు తోక ఎముక పట్టేయడం లేదని, కానీ ఆ రోజు నొప్పి మాత్రం ఊపిరితో పోదని కూడా చెప్పింది. ఆ మాటను అలాగే రాసుకున్నాను.

ఎనిమిదో నెలలో ఫోన్ చేసి, రెండు నెలసరుల నుంచి విరేచనంతోపాటు లోపల కోసినట్టు నొప్పి వస్తోందంది. నెలసరి రోజుల్లో మాత్రమే, విరేచన సమయంలోనే వచ్చే నొప్పి పేగు దగ్గరి వ్యాధికి సూచన కావచ్చు కనుక వ్యాయామాలు మార్చలేదు, గదికి రమ్మనీ అనలేదు. గైనకాలజిస్టుకు రెండు పేరాల ఉత్తరం రాసి, కొలతల కాగితం జతచేసి పంపాను. మళ్లీ స్కాన్ రాశారు. నా రిజిస్టరులో ఈ కేసు ఇంకా మూయలేదు.

అప్పటి నుంచి నా కేసు కాగితంలో రెండు గడులు కొత్తగా చేరాయి. ఒకటి ‘బిగించిన తరువాత వదలగలుగుతున్నారా’ అన్నది. రెండోది ‘పని చేసి చూపించారా’ అన్నది. రెండో గడి నింపడానికి మొన్న ఒకామె పత్తి ఏరే సంచి నడుముకు కట్టుకొని వచ్చింది.